నీలి దీపమూ, మూసిన కిటికీలూ

(బిలాస్‌పూర్ లింగియాడీహ్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం మీలో చాలామందికి తెలుసు. మన పిల్లలు సాయంత్రం ట్యూషన్‌కు కూర్చునే ఈ హాల్లో, పక్కనున్న విశ్రాంతి గదిలో అతినీలలోహిత దీపాలు, అంటే యూవీ దీపాలు పెట్టిస్తామని ఒక సరఫరాదారు కొటేషన్ ఇచ్చాడు. సంక్షేమ నిధిలోంచి ఖర్చు పెట్టాలి. ఆరు ట్యూబులు గోడలకు బిగిస్తాడట, మనం స్విచ్ వేసుకుంటే చాలట, క్రిములు 99.9 శాతం పోతాయట. కమిటీలో సగం మంది వెంటనే పెట్టిద్దామన్నారు. మిగతా సగం ఇదంతా వ్యాపారమన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. మనం పెట్టేది డబ్బే కాదు, ఈ హాల్లో కూర్చునే పిల్లల కళ్ళు, వాళ్లను తీసుకొచ్చే తాతయ్యల ఊపిరితిత్తులు కూడా. అందుకే కాస్త వివరంగా చెబుతాను. నేను చదివింది మేనేజ్‌మెంట్. ఏదైనా కొనేముందు అది పనిచేసే తీరు, పనిచేయని సందర్భం, దాని జీవితకాలపు ఖర్చు అడగమని అక్కడ నేర్పుతారు. ఆ మూడూ ఈ దీపాన్ని అడుగుదాం.

బ్యాంకు వాళ్లకు యూవీ కొత్త కాదు. క్యాష్ కౌంటర్‌లో ఊదారంగు దీపం కింద నోటు పెడితే నంబరు అంకెలు, కాగితంలోని సన్నటి పోగులు మెరుస్తాయి కదా, అదే యూవీ. వంటింట్లో వాటర్ ఫిల్టర్ లోపల ఉండేదీ యూవీ దీపమే. ఇంకో సంగతి: పాత ట్యూబ్‌లైట్ లోపల పుట్టేది కూడా యూవీనే. గొట్టంలో కాస్త పాదరసం ఆవిరి ఉంటుంది, దానిలోంచి కరెంటు వెళితే యూవీ వస్తుంది. గాజు లోపలి వైపు పూసిన తెల్ల పొడి దాన్ని మన కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుంది, మిగిలింది గాజు ఆపేస్తుంది. ఆ తెల్ల పూత తీసేసి, మామూలు గాజు బదులు యూవీని పోనిచ్చే గాజు పెడితే క్రిములను చంపే దీపం తయారవుతుంది. మన కొటేషన్‌లో ఉన్న ట్యూబులు ఇవే.

అయితే యూవీ అంతా ఒకటి కాదు. దాన్ని తరంగం పొడవును బట్టి మూడుగా విడదీస్తారు. 315 నుంచి 400 నానోమీటర్ల వరకు ఉండేది యూవీ-ఎ. మన నోట్ల దీపం ఈ జాతిదే, క్రిముల్ని చంపడంలో చాలా బలహీనం. 280 నుంచి 315 వరకు యూవీ-బి. ఎండలో ఇదే చర్మాన్ని కమిలిస్తుంది, విటమిన్ డి తయారయ్యేదీ దీనివల్లే. 280కి తక్కువది యూవీ-సి. ఎండలోని యూవీ-సి మొత్తాన్ని పైన ఓజోన్ పొర ఆపేస్తుంది, నేల మీదికి రాదు. అంటే భూమ్మీద ఏ జీవికీ యూవీ-సి అలవాటు లేదు. క్రిములకూ లేదు, మన కళ్ళకూ లేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే నేను తర్వాత చెప్పేది సగం తెలిసినట్టే.

పాదరసం ట్యూబు ఇచ్చేది ముఖ్యంగా 254 నానోమీటర్ల కిరణం. అది క్రిమి లోపలి జన్యుపదార్థంలో పక్కపక్కనున్న అక్షరాలను ఒకదానికొకటి అతికిస్తుంది. పాస్‌బుక్ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుని వరస మీద వరస పడితే ఆ ఎంట్రీలు ఎవరూ చదవలేరు కదా, అలాంటిదే. క్రిమి అక్కడే ఉంటుంది, కానీ తన లాంటి ఇంకో క్రిమిని తయారు చేసుకోలేదు. మందుకు అలవాటుపడ్డ టీబీ క్రిమి అయినా, కొత్త రకం వైరస్ అయినా ఈ దెబ్బ ఒకేలా తగులుతుంది. యూవీకి ఉన్న అసలు గొప్పతనం అదే.

మన అమ్మమ్మలు పరుపులు, దుప్పట్లు ఎండలో వేసేవారు, ఊరగాయ జాడీలు ఎండబెట్టేవారు. వెలుగు క్రిముల్ని ఆపుతుందని శాస్త్రం రాసిపెట్టింది 1877లో. డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు ఇంగ్లండు పరిశోధకులు ఎండలో పెట్టిన గాజు గొట్టాల్లో సూక్ష్మజీవులు పెరగకపోవడం చూపించారు. చర్మానికి వచ్చే టీబీని కాంతితో నయం చేసినందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ వచ్చింది. అదే డెన్మార్క్ నుంచి వచ్చిన ఇంకో వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్ మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియానికి మొదటి అధిపతి. అది 1915లో మొదలైంది. మందులు లేని ఆ కాలంలో రోగికి ఇవ్వగలిగింది విశ్రాంతి, తిండి, గాలి, వెలుగు. ఆరోగ్యవరం పేరు వినగానే మన రాయలసీమ పెద్దవాళ్లు ఇప్పటికీ ఒక క్షణం ఆగుతారు.

నీటి విషయానికొస్తే యూవీ కథ మన ఊళ్లలోనే బాగా నడిచింది. 1992, 93లో కొత్త రకం కలరా మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ వ్యాపించినప్పుడు, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్ చవకైన యూవీ నీటి యంత్రం తయారు చేశారు. 60 వాట్ల కరెంటుతో నిమిషానికి సుమారు 15 లీటర్ల నీరు శుద్ధి చేస్తుంది. దీపం నీటిలో మునగదు, పైన వేలాడుతుంటే కింద పళ్ళెంలో నీరు పారుతుంది. ఆ పద్ధతితో నడిచే గ్రామ నీటి కేంద్రం 2000 దశకం మధ్యలో అప్పటి కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో పెట్టారు. అక్కడ కూడా నీటిని ముందు వడకట్టాకే దీపం కిందికి పంపాలి, ఎందుకంటే నీరు మురికిగా ఉంటే కిరణం లోపలికి దిగదు. ఈ కిరణానికి మొహమాటం ఎక్కువ, అడ్డం ఏది వచ్చినా ఆగిపోతుంది.

ఇక గది సంగతి. 2020 ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. దేశమంతా తలుపులు వేసుకుంటే మన శాఖలు తెరిచే ఉన్నాయి. జన్‌ధన్ ఖాతాల డబ్బు కోసం బయట వరసలు, లోపల మాస్కులతో మనవాళ్లు. ఇంటికొచ్చాక బట్టలు బయటే విప్పి, స్నానం చేసి గానీ పిల్లల్ని ముట్టుకోని రోజులు. ఆ మే నెలలో హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ, రీసెర్చ్ సెంటర్ ఇమారత్, మనకోసమే అన్నట్టు ఒక పెట్టె తయారు చేసింది. పేరు డ్రువ్స్. సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కరెన్సీ నోట్లు, చెక్కులు, చలాన్లు, పాస్‌బుక్‌లు సొరుగులో పెడితే చేయి తగలకుండానే సొరుగు మూసుకుంటుంది, అన్ని వైపుల నుంచి యూవీ-సి పడుతుంది, పని అయ్యాక అదే నిద్రలోకి జారుకుంటుంది. పక్కన ఎవరూ నిలబడనక్కర్లేదు. నోట్లను ఒక్కొక్కటిగా లాక్కుని వరస దీపాల కింద నడిపించే యంత్రం కూడా వాళ్లు చేశారు, దాని పేరు నోట్స్‌క్లీన్. మన నోట్ల లెక్కింపు యంత్రానికి తోబుట్టువు అనుకోండి. క్షిపణుల పరిశోధన చేసే చోట క్యాషియర్ గురించి ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

అదే నెలలో ఢిల్లీలోని ఇంకో డీఆర్‌డీఓ ప్రయోగశాల యూవీ బ్లాస్టర్ అనే స్తంభం తెచ్చింది. ఆరు దీపాలు, ఒక్కొక్కటి 43 వాట్లు. 12 అడుగులకు 12 అడుగుల గదిని 10 నిమిషాల్లో, 400 చదరపు అడుగుల గదిని 30 నిమిషాల్లో శుద్ధి చేస్తుందన్నారు. నడిపే మనిషి గది బయట ఫోన్‌తో నడపాలి. పొరపాటున ఎవరైనా తలుపు తీస్తే దీపం ఆగిపోవాలి. ఈ రెండు నిబంధనలూ గుర్తుపెట్టుకోండి, మన కొటేషన్‌లో రెండూ లేవు.

ఆ తర్వాత ఏడాదికి అసలు విషయం బయటపడింది. వైరస్ ఎక్కువగా వస్తువుల మీదుగా రావడం లేదు, గాలిలో వస్తోంది. కలుషితమైన వస్తువును ఒకసారి ముట్టుకుంటే జబ్బు వచ్చే అవకాశం సాధారణంగా పదివేలలో ఒకటికంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో చెప్పింది. మన హైదరాబాద్ సీసీఎంబీ, చండీగఢ్ సూక్ష్మజీవ పరిశోధన సంస్థ కలిసి హైదరాబాద్, మొహాలీ ఆసుపత్రుల గాలిని పట్టి పరీక్షించాయి. గదిలో రోగులు ఎంత ఎక్కువమంది ఉంటే, వాళ్లు అక్కడ ఎంతసేపు ఉంటే గాలిలో వైరస్ దొరికే అవకాశం అంత పెరిగింది. అంటే మనం నోట్లు తుడుస్తూ కూర్చున్నప్పుడు అసలు శత్రువు క్యూలో నిలబడ్డవాళ్ల ఊపిరిలో ఉంది. డ్రువ్స్ పెట్టె చెడ్డదని కాదు. ఆ రోజు తెలిసినదాన్ని బట్టి చేసిన మంచి పని అది. కానీ ఇవాళ మన డబ్బు గాలి కోసం ఖర్చు పెట్టాలి.

గాలిని యూవీతో శుభ్రం చేయడం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో విలియం వెల్స్ అనే ఆయన 1930లలోనే దగ్గినప్పుడు వచ్చే పెద్ద తుంపర నేల మీద పడుతుందనీ, సన్నటిది ఆరిపోయి గాలిలో తేలుతూ ఉంటుందనీ చెప్పారు. ఫిలడెల్ఫియా దగ్గర బడుల్లో గది పై భాగంలో యూవీ దీపాలు పెట్టించారు. 1941లో తట్టు వ్యాపించినప్పుడు దీపాలున్న తరగతుల్లో పిల్లలకు తట్టు తక్కువగా వచ్చింది. దీన్నే తర్వాత వేరే ఊళ్లలో చేసి చూస్తే అంత ఫలితం రాలేదు. కారణం ఏమిటంటే పిల్లలు తరగతిలో ఒక్కచోటే ఉండరు. బడి బస్సుల్లో ఒకరి మీద ఒకరు కూర్చుంటారు. మన పిల్లలూ అంతే. ఈ హాల్లో రెండు గంటలు, స్కూల్ వ్యాన్‌లో ఒక గంట. హాలుకు దీపాలు పెట్టి వ్యాన్ అద్దాలు బిగించుకుంటే మనం మోసపోయినట్టే.

టీబీ విషయంలో మాత్రం రుజువు గట్టిగా ఉంది. వెల్స్ శిష్యుడు రిచర్డ్ రైలీ బాల్టిమోర్ ఆసుపత్రిలో టీబీ వార్డు గాలిని గొట్టాల ద్వారా గినీ పందుల గదుల్లోకి పంపారు. మామూలు గాలి పీల్చిన జంతువులకు టీబీ వచ్చింది. గొట్టంలో యూవీ పడిన గాలి పీల్చిన వాటికి రాలేదు. పెరూ దేశపు లిమా నగరంలో ఇలాంటి పరీక్షే చేసి 2009లో ప్రచురించారు. రక్షణ లేని గాలి పీల్చిన జంతువుల్లో 35 శాతానికి టీబీ సోకితే, వార్డు పై భాగంలో యూవీ దీపాలు వెలిగించిన రోజుల గాలి పీల్చిన వాటిలో 9.5 శాతానికే సోకింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీ నివారణ మార్గదర్శకాల్లో ఈ పై భాగపు దీపాలకు షరతులతో చోటిచ్చింది.

టీబీ మాట వచ్చింది కాబట్టి కాస్త పక్కకు వెళతాను. ఈ ప్రాంతంలో ఆ జబ్బు ఇంకా ఉంది. మన శాఖకు వచ్చే ఖాతాదారుల్లో చాలామందికి టీబీ మందులు వాడుతున్న కాలంలో నిక్షయ్ పోషణ్ డబ్బు పడుతుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబర్ నుంచి 1000 అయింది. అలాంటి ఎంట్రీ పాస్‌బుక్‌లో కనబడగానే కుర్చీ వెనక్కి జరుపుకునే వాళ్లను నేను ఒక ఊళ్లో చూశాను. మన ఇళ్లలో కూడా టీబీ అంటే గుసగుసలే. 1956లో మద్రాసులో ఏర్పాటైన కేంద్రం ఇరుకిళ్లలో ఉండే పేద రోగులను రెండు భాగాలు చేసి, ఒకరికి శానిటోరియంలో, ఒకరికి ఇంట్లోనే మందులు ఇచ్చింది. 1959లో వచ్చిన ఫలితం ప్రపంచాన్ని మార్చింది. ఇంటి దగ్గర మందు వాడినవాళ్లు దాదాపు అంతే బాగా కోలుకున్నారు, పైగా వాళ్ల ఇంట్లో వాళ్లకు జబ్బు అంటుకోవడం శానిటోరియం రోగుల ఇళ్లలో కంటే ఎక్కువ కాలేదు. మందు మొదలయ్యాక ప్రమాదం త్వరగా తగ్గిపోతుంది. అసలు ప్రమాదం ఇంకా పరీక్ష చేయించుకోని దగ్గుది. కాబట్టి ఎవరింట్లోనైనా రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే దీపం గురించి కాకుండా కఫం పరీక్ష గురించి అడగండి. మందు వాడుతున్నవాళ్లను ఈ సమావేశాలకు రావద్దని చెప్పే అధికారం కమిటీకి లేదు, ఉండకూడదు.

సరే, దీపానికి వద్దాం. పై భాగపు యూవీ అంటే ఏమిటి? దీపాన్ని నేలకు ఏడడుగుల పైన బిగిస్తారు. దాని ముందు పలకలు ఉంటాయి, కిరణం పైకప్పు వైపు, గదికి అడ్డంగా మాత్రమే పోతుంది. కింద కూర్చున్నవాళ్ల కళ్ళ మీద పడదు. మనుషుల ఒంటి వేడికి గాలి పైకి లేస్తుంది, ఫ్యాను దాన్ని కలుపుతుంది, పైన కిరణం తగిలి క్రిములు పోతాయి, ఆ గాలి మళ్లీ కిందికి వస్తుంది. మనుషులు ఉండగా నడిచే పద్ధతి ఇది. మనుషులు ఉన్నప్పుడే కదా క్రిములు గాలిలోకి వచ్చేది! రాత్రి ఎవరూ లేనప్పుడు గదిని వెలిగించి, పొద్దున్న పదిమంది వచ్చి దగ్గితే రాత్రి ఖర్చయిన కరెంటు ఏమైనట్టు?

ఇక్కడ మన రైల్వే తెలుగు కుటుంబాలవాళ్లకు ఒక మాట. మీ తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి ఇక్కడికి వచ్చినప్పుడు ఉన్న పాత క్వార్టర్లు గుర్తు చేసుకోండి. ఎత్తయిన పైకప్పు, గోడ పైన తాడుతో లాగి తెరిచే వెంటిలేటర్లు. వేడి గాలి, దానితోపాటు ఊపిరి గాలి అక్కడి నుంచి వెళ్లిపోయేది. యూవీ దీపం చేసే పనిలో చాలా భాగం ఆ వెంటిలేటర్ కరెంటు లేకుండా చేసేది. ఇప్పుడు మన హాలు ఎత్తు పదడుగులు. వెంటిలేటర్ల స్థానంలో స్ప్లిట్ ఏసీ పెట్టాం. చాలామందికి తెలియని సంగతి, స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. లోపలి గాలినే లాక్కుని, చల్లబరిచి, మళ్లీ లోపలికే వదులుతుంది. చల్లగా ఉంటే గాలి తాజాగా ఉందనుకుంటాం. ఏప్రిల్, మేలో బిలాస్‌పూర్ ఎండకు తలుపులన్నీ మూసేస్తాం, డిసెంబర్ చలికి మళ్లీ మూసేస్తాం. ఏడాదిలో సగం రోజులు మన పిల్లలు ఒకరు వదిలిన గాలిని ఇంకొకరు పీల్చుకుంటున్నారు.

ఇక అసలు భయం. ప్రయోగశాలలో కరోనా వైరస్‌ను 99 శాతం పనికిరాకుండా చేయడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 5 మిల్లీజౌళ్ల యూవీ-సి సరిపోయింది. ఈ కిరణానికి మనిషి కళ్ళకు, చర్మానికి ఎనిమిది గంటల్లో పడవచ్చని అంతర్జాతీయంగా పాటిస్తూ వచ్చిన హద్దు 6 మిల్లీజౌళ్లు. చూశారా, రెండూ దాదాపు ఒక్కటే. వైరస్‌ను చంపేంత మోతాదు మన మీద పడితే మనకు రోజంతటికీ ఉన్న కోటా అయిపోయినట్టే. కొటేషన్‌లో ఉన్నట్టు మూత లేని ట్యూబులను గోడకు కంటి ఎత్తులో పెట్టి, స్విచ్ తలుపు పక్కన పిల్లలకు అందేలా ఉంచితే ఏం జరుగుతుంది? వెంటనే ఏమీ జరగదు. అదే మోసం. ఆ దీపం నుంచి వచ్చే నీలి వెలుగు మసకగా ఉంటుంది, దాన్ని చూస్తే కళ్ళు చెదరవు. అసలు కిరణం కంటికి కనబడదు. కొన్ని గంటల తర్వాత, చాలాసార్లు రాత్రి నిద్రపోయాక, కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, వెలుగు చూడలేకపోవడం. లోకో షెడ్‌లో వెల్డింగ్ చేసేవాళ్ల ఇళ్లలో ఈ బాధ తెలుసు, అద్దం లేకుండా వెల్డింగ్ చూస్తే వచ్చేదే ఇది. 2020లో అమెరికాలో మయామీ కంటి వైద్యులు ఇంట్లోనూ ఆఫీసుల్లోనూ కొత్తగా కొన్న క్రిమి దీపాల వల్ల కళ్ళు కాలి వచ్చిన రోగుల గురించి రాశారు. చేతులకు, చర్మానికి యూవీ దీపం వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో కర్రలాంటి యూవీ పరికరాలు దొరుకుతాయి, కూరగాయల మీద, తలగడల మీద ఊపమంటారు. రెండు సెకన్లు ఊపితే క్రిములకు ఏమీ కాదు, పట్టుకున్న చేతికి మాత్రం నష్టం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2022లో వాటి మీద హెచ్చరిక ఇచ్చింది. మీలో ఎవరింట్లోనైనా ఉంటే పిల్లలకు అందకుండా పైన పెట్టండి.

కిరణం వస్తువులనూ వదలదు. ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, కాగితం పసుపెక్కుతుంది, కర్టెన్ల రంగు పోతుంది. మన లాకర్ గదిలోనో రికార్డు గదిలోనో పెడదామన్న సూచన ఒకటి వచ్చింది. ఇరవై ఏళ్లు దాచాల్సిన పత్రాల మీద రోజూ యూవీ వేస్తామా? అక్కడ మనుషులూ పెద్దగా ఉండరు. ఆ సూచన వదిలేద్దాం.

ఇంకా నీడ సమస్య ఉంది. బల్ల కింద, కుర్చీ వెనక, కీబోర్డు మీటల మధ్య కిరణం చేరదు. దూరం పెరిగేకొద్దీ బలం పడిపోతుంది. ట్యూబు మీద దుమ్ము పేరుకుంటే ఇంకా తగ్గుతుంది. సీపత్ రోడ్డు మీద లారీలు రేపే దుమ్ము మీకు నేను చెప్పనక్కర్లేదు, పొద్దున్న తుడిచిన కిటికీ సాయంత్రానికి బూడిదరంగే. వారానికోసారి కరెంటు ఆపి, చల్లారాక, గ్లవ్స్ వేసుకుని ఆ ట్యూబుల్ని తుడిచేది ఎవరు? మంచి ట్యూబు జీవితం సుమారు 9,000 గంటలు. రోజుకు పది గంటలు వాడితే రెండున్నరేళ్లు. ఆ తర్వాత నీలి వెలుగు వస్తూనే ఉంటుంది, క్రిములు మాత్రం చావవు. వెలుగుతోంది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు. పాడైపోయి ఆరిపోయే దీపం కంటే పాడైపోయి వెలుగుతూ ఉండే దీపం మరింత ప్రమాదం. పైగా లోపల పాదరసం ఉంది, పగిలితే చెత్తబుట్టలో వేసేది కాదు. ఇవన్నీ కొటేషన్ చివరి అంకెలో లేవు. కరెంటు మాత్రం చవకే. 36 వాట్ల ట్యూబు పది గంటలకు మూడో వంతు యూనిట్ కంటే కాస్త ఎక్కువ ఖర్చు చేస్తుంది.

మరి యూవీని బాగా వాడేది ఎక్కడ? మనుషులు చూడలేని చోట. చండీగఢ్‌లోని కేంద్ర శాస్త్రీయ పరికరాల సంస్థ ఏసీ గొట్టాల లోపల యూవీ-సి పెట్టే పద్ధతి తయారు చేసింది. 2021 వర్షాకాల సమావేశాల వేళ పార్లమెంట్ సెంట్రల్ హాలుకు, లోక్‌సభకు, కొన్ని కమిటీ గదులకు అదే ఎంచుకున్నారు. కిరణం గొట్టంలోనే ఉంటుంది, శుభ్రమైన గాలి బయటికి వస్తుంది. సెంట్రల్ ఏసీ ఉన్న మన జోనల్ ఆఫీసులకు అది పనికొస్తుంది. ఆసుపత్రుల్లో, ముఖ్యంగా దగ్గు రోగులు గంటలకొద్దీ కూర్చునే వరండాల్లో, టీబీ వార్డుల్లో పై భాగపు దీపాలు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. 222 నానోమీటర్ల కొత్త రకం దీపాల గురించి కూడా కొందరు అడిగారు. ఆ కిరణం చర్మం పైపొరలోనే ఆగిపోతుంది కాబట్టి మనుషుల మధ్యే వాడొచ్చని పరిశోధకులు చెబుతున్నారు. ఆశ కలిగించే విషయమే. కాకపోతే అవి గాలిలో కొంచెం ఓజోన్ పుట్టిస్తాయి, మూసిన గదిలో అదీ మంచిది కాదు. ఆ పేరు చెప్పి మామూలు 254 దీపాన్నో, పనికిరాని ఊదారంగు ఎల్‌ఈడీనో అంటగట్టేవాళ్లూ ఉంటారు. ఎన్ని నానోమీటర్లని అడిగితే సగం మంది అమ్మకందారులు ఫోన్ పెట్టేస్తారు. మన సరఫరాదారు పెట్టేయలేదు గానీ, కనుక్కుని చెబుతానని పది రోజులైంది.

ఇప్పుడు ఈ హాలు లెక్క చూద్దాం. పొడవు 30 అడుగులు, వెడల్పు 20, ఎత్తు 10. ఆరు వేల ఘనపు అడుగులు, అంటే సుమారు 170 ఘనపు మీటర్లు. ఆసుపత్రి కాని చోట్ల మనిషికి సెకనుకు 10 లీటర్ల బయటి గాలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. సాయంత్రం ఇక్కడ పిల్లలు, పెద్దలు కలిపి నలభై మంది అనుకుంటే సెకనుకు 400 లీటర్లు, గంటకు 1,440 ఘనపు మీటర్లు. అంటే హాలంత గాలి గంటకు ఎనిమిదిన్నర సార్లు మారాలి. ఎక్కువ అనిపిస్తుంది కానీ, ఎదురెదురు కిటికీలు తీస్తే గాలి ఉన్న రోజు ఇంతకంటే ఎక్కువే వస్తుంది. కిటికీ తీయలేని రోజుకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ కావాలి. దాని పెట్టె మీద గంటకు ఎంత గాలి లాగుతుందో రాసి ఉంటుంది, ఆ అంకె చూసి కొనాలి. ఒక వైపు ఫ్యాను, దానికి ఎదురు గోడలో గాలి వచ్చే సందు. రెండూ ఒకే వైపు పెడితే ఫ్యాను వచ్చిన గాలినే బయటికి తోసేస్తుంది. ఏసీ ఉన్నప్పుడు ఫ్యాను వేస్తే చల్లదనం పోతుందని అభ్యంతరం వస్తుంది. నిజమే, కొంత పోతుంది. ఏసీని 24 బదులు 27లో పెట్టి సీలింగ్ ఫ్యాను నడుపుదాం. పిల్లలకు చెమట పట్టినా ఫరవాలేదు.

గాలి ఎంత మారుతోందో తెలుసుకోవడానికి కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొందామని నా ప్రతిపాదన. మనం వదిలే ఊపిరిలో ఆ వాయువు ఉంటుంది. బయట గాలిలో పది లక్షల భాగాల్లో సుమారు 420 ఉంటుంది. గదిలో 1000 దాటిందంటే ఇతరుల ఊపిరి ఎక్కువగా పీలుస్తున్నామని అర్థం. ఆ మీటరుకు వైరస్ కనబడదు, యూవీ చేసే పనీ కనబడదు, కానీ కిటికీ తీయాల్సిన సమయం చెబుతుంది. ఎనిమిదో తరగతి వాళ్లు ఇద్దరు ఆ అంకెలను రోజూ ఆరున్నరకు, ఏడున్నరకు నోట్‌బుక్‌లో రాస్తామన్నారు. మొదటి పేజీలో గీతలు కూడా గీసేశారు.

కమిటీకి నా లెక్క ఇది. ముందు రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, మీటరు, తుప్పుపట్టి తెరుచుకోని ఆ తూర్పు కిటికీలకు కొత్త గొళ్లాలు. వీటికి కొటేషన్‌లో ఉన్న మొత్తంలో చిన్న భాగమే అవుతుంది. ఒక చలికాలం, ఒక ఎండాకాలం అంకెలు చూస్తాం. అప్పటికీ గాలి చాలకపోతే పలకలున్న పై భాగపు దీపాలకు, కొలత పరికరంతో వచ్చి కంటి ఎత్తులో కిరణం ఎంత పడుతుందో కొలిచి రాసిచ్చే సంస్థలనే అడుగుదాం. మూత లేని ట్యూబులకు మాత్రం నేను సంతకం పెట్టను.

ప్రశ్నలుంటే అడగండి. కొటేషన్ కాపీ టేబుల్ మీద ఉంది, ఎవరైనా చూడొచ్చు. టీ వచ్చింది. ఎవరైనా పెద్దబాబు లేచి ఆ కిటికీలో తెరుచుకునేది ఒక్కటి తీస్తే, అందరం కూర్చునే మాట్లాడుకుందాం.